ఒక్కొక్కరి నుంచి రెండు మూడు రక్త నమూనాలే తీయగలిగితే: స్పార్స్ శాంప్లింగ్ స్టడీ చేసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

మామూలు బయోఈక్వివలెన్స్ స్టడీలో, అంటే రెండు మందులు శరీరానికి ఒకేలా అందుతున్నాయా అని చూసే పరీక్షలో, ఒక్కో వాలంటీర్ నుంచి, ఒక్కో డోసుకు 12 నుంచి 18 సార్లు రక్తం తీస్తారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచన కూడా అంతే. డోసు వేయకముందు ఒకటి తీస్తారు. మందు రక్తంలోకి ఎక్కుతున్నంతసేపూ దగ్గరదగ్గరగా, దిగుతున్నప్పుడు దూరదూరంగా మిగతావి తీస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఇదేమంత కష్టం కాదు. చేతికి క్యాన్యులా అనే సన్నని గొట్టం పెట్టించుకుని ఓ రోజంతా మంచం మీద కూర్చుంటారు. అదే 4 కిలోల పసిబిడ్డ దగ్గరో, 25 గ్రాముల చిట్టెలుక దగ్గరో ఈ లెక్క నడవదు. అక్కడ ఒక్కొక్కరి నుంచి 1, 2, మహా అయితే 4 నమూనాలు దొరుకుతాయి. ఒకరివి కొన్ని, ఇంకొకరివి కొన్ని కూర్చి, మందు శరీరంలో ఎలా నడిచిందో చెప్పాలి. దీన్నే స్పార్స్ శాంప్లింగ్ అంటారు.

దీన్ని ఖర్చు తగ్గించే ఉపాయం అనుకుని మొదలుపెట్టేవాళ్లను చాలామందిని చూశాను. తగ్గేది ల్యాబ్ బిల్లు మాత్రమే, పని తగ్గదు. 15 నమూనాల్లో ఒకటి పాడైతే ఇంకా 14 ఉంటాయి, గీత పెద్దగా చెదరదు. రెండిట్లో ఒకటి పాడైతే ఆ బిడ్డ నుంచి మనకు దాదాపు ఏమీ రానట్టే. అందుకే నమూనాలు తగ్గినకొద్దీ డిజైన్, గడియారం, డోసు రికార్డు, లెక్క అన్నీ అంతకంత జాగ్రత్తగా ఉండాలి.

1. ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందు తేల్చుకోండి

ఫార్మకోకైనెటిక్స్‌లో, అంటే మందు శరీరంలో ఎలా నడుస్తుందో కొలిచే శాస్త్రంలో, రెండు కొలతలు తరచూ అడుగుతారు. ఒకటి ఏయూసీ, అంటే కాలానికి ఎదురుగా రక్తంలోని మందు గాఢత గీస్తే ఆ గీత కింద వచ్చే వైశాల్యం. మొత్తం ఎంత మందు అందిందో అది చెబుతుంది. రెండోది సీమ్యాక్స్, గాఢత ఎక్కిన అత్యధిక స్థాయి.

స్పార్స్ శాంప్లింగ్ ఏయూసీని బాగానే అంచనా వేస్తుంది. ఎందుకంటే ఏయూసీ ఒక మొత్తం. ముక్కలు వేరువేరు మనుషుల నుంచి వచ్చినా, సగటున కూడికకు ఇబ్బంది లేదు. సీమ్యాక్స్ అలా కాదు. ఒకరికి 45 నిమిషాలకు శిఖరం వస్తుంది, ఇంకొకరికి 2 గంటలకు. అందరి సగటు గీసి దాని శిఖరం చూస్తే, అది ఏ ఒక్కరి శిఖరమూ కాదు. మామూలుగా అసలు సీమ్యాక్స్‌ల సగటు కన్నా తక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే వేరువేరు సమయాల్లో లేచిన కొండలను కలిపితే గుట్ట అవుతుంది.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. మామూలు మాత్రకు జెనరిక్ ఆమోదం కావాలంటే, ఏయూసీ, సీమ్యాక్స్ రెండిటికీ టెస్ట్–రిఫరెన్స్ (కొత్త మందుకూ, పోల్చే అసలు మందుకూ మధ్య) నిష్పత్తి 90% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (నిజమైన విలువ ఉండగల పరిధి) 80.00 నుంచి 125.00% లోపల పడాలి. 2024 జులైలో ఖరారైన ఐసీహెచ్ (మందుల నియమాలను దేశాల మధ్య ఒకేలా చేసే సంస్థ) ఎం13ఏ మార్గదర్శకం శిఖరం చుట్టూ తగినన్ని నమూనాలు ఉండాలనీ, మొదటి నమూనానే సీమ్యాక్స్ కాకూడదనీ చెబుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లతో చేసే అలాంటి స్టడీకి స్పార్స్ శాంప్లింగ్ జోలికి వెళ్లొద్దు. నమూనాలు మరీ ఎక్కువవుతున్నాయనిపిస్తే ముందు చూడాల్సింది వేరే: అర్ధాయువు (గాఢత సగానికి పడిపోయే సమయం) 24 గంటలు దాటిన మందులకు ఏయూసీని 72 గంటల దగ్గర ఆపడానికి అదే మార్గదర్శకం ఒప్పుకుంటుంది. రోజుల తరబడి తోక వెంట పరిగెత్తే పని తప్పుతుంది.

స్పార్స్ శాంప్లింగ్ నిజంగా పనికొచ్చేది పిల్లల్లో, నవజాత శిశువుల్లో, జబ్బుతో ఉన్న రోగులపై జరిగే రెండో, మూడో దశ ట్రయల్స్‌లో, చిన్న జంతువులపై జరిగే టాక్సికోకైనెటిక్ (విషప్రభావం చూస్తూ మందు గాఢత కొలిచే) స్టడీల్లో. రక్తం కాకపోయినా కంటి చుక్కల మందుల బయోఈక్వివలెన్స్ కూడా ఈ కోవదే. శుక్లాల ఆపరేషన్ చేయించుకునే రోగికి ముందుగా చుక్క వేసి, ఆపరేషన్ సమయంలో కంటి ముందు గదిలోని ద్రవాన్ని ఒక్కసారి తీస్తారు. ఒక రోగి, ఒక కన్ను, ఒక సమయం. మళ్లీ తీయమని అడిగే వీలే లేదు.

2. మూడు డిజైన్లలో మీది ఏదో గుర్తించండి

మొదటి రకంలో ఒక్కొక్కరి నుంచి ఒక్క నమూనాయే. కంటి ద్రవం, కణజాలం కోసం జంతువును బలి చేసే స్టడీలు ఇందులోకి వస్తాయి. నమూనాలన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి లెక్క తేలిక.

రెండోది బ్యాచ్ డిజైన్. చిట్టెలుకలను మూడు గుంపులు చేసి, మొదటి గుంపు నుంచి 0.5, 4 గంటలకు, రెండో గుంపు నుంచి 1, 8 గంటలకు, మూడో గుంపు నుంచి 2, 12 గంటలకు తీస్తాం. ఒకే జంతువు రెండుసార్లు ఇస్తోంది కాబట్టి ఆ రెండు విలువలకూ బంధం ఉంటుంది. దాన్ని లెక్కలో చూపించాలి.

మూడోది పాపులేషన్ డిజైన్. ఫలానా నిమిషం అని కాకుండా ఫలానా గంటల మధ్య అని విండోలు ఇస్తాం. ఎవరి నమూనా ఎప్పుడు వచ్చినా అసలు సమయం రాసుకుని, అందరి డేటాను ఒకే మోడల్‌లో పెడతాం. దీనికి దారి వేసినవాడు లూయిస్ షైనర్. రోజువారీ వైద్యంలో అక్కడక్కడ తీసిన రక్త పరీక్షల నుంచే జనాభా మొత్తానికి వర్తించే విలువలు అంచనా వేయొచ్చని ఆయన బృందం 1970లలో చూపించింది. స్టువర్ట్ బీల్‌తో కలిసి ఆయన తయారుచేసిన నాన్‌మెమ్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ వాడుకలో ఉంది.

రోగులు, పిల్లలు అయితే మూడోదే. జంతువులు, కంటి ద్రవం అయితే మొదటిదో రెండోదో. ఈ నిర్ణయం ప్రోటోకాల్ మొదటి పేజీ రాసేటప్పుడే అయిపోవాలి. డేటా వచ్చాక ఏ లెక్క బాగుంటే అది వాడదాం అనుకుంటే రెగ్యులేటర్ ముందు నిలబడదు.

3. రక్తం బడ్జెట్ వేయండి

పిల్లల ట్రయల్స్‌కు యూరప్‌లో వాడే సూచన ఇది: స్టడీ కోసం పోయే రక్తం ఒక్కసారికి మొత్తం రక్తంలో 1% మించకూడదు, నాలుగు వారాల్లో 3% మించకూడదు. పసిబిడ్డల్లో కిలోకు సుమారు 80 నుంచి 90 మి.లీ. రక్తం ఉంటుంది.

4 కిలోల బిడ్డ అనుకోండి. తక్కువ వైపే లెక్కేస్తే 320 మి.లీ. ఒక్కసారికి 3.2 మి.లీ., నాలుగు వారాలకు 9.6 మి.లీ. పెద్దవాళ్ల పద్ధతిలో 12 నమూనాలు, ఒక్కోటి 2 మి.లీ. తీస్తే 24 మి.లీ. అవుతుంది. కుదరదని అక్కడే తేలిపోయింది. 0.5 మి.లీ. చొప్పున 3 నమూనాలు అయితే 1.5 మి.లీ.

చాలామంది మరిచిపోయేది పారబోసే రక్తం. క్యాన్యులాలో నిలిచి ఉన్న సెలైన్‌తో పాటు ముందు వచ్చే కొంత రక్తాన్ని తీసి పక్కన పెట్టాకే అసలు నమూనా తీస్తారు. ప్రతిసారీ 0.5 మి.లీ. అలా పోతే మన 1.5 మి.లీ. కాస్తా 3 అవుతుంది. స్టడీ కోసం చేసే కాలేయం, కిడ్నీ పరీక్షల రక్తం కూడా ఇదే ఖాతాలోకి వస్తుంది. ఎథిక్స్ కమిటీ అడిగేదాకా ఆగకుండా ఈ మొత్తం పట్టికను ప్రోటోకాల్‌లోనే పెట్టండి.

25 గ్రాముల చిట్టెలుకలో ఉండేది దాదాపు 1.8 మి.లీ. రక్తం. అందుకే మైక్రోశాంప్లింగ్ వచ్చింది: ఐసీహెచ్ 2017లో ఇచ్చిన ప్రశ్నోత్తరాల పత్రం ప్రకారం 50 మైక్రోలీటర్లు, అంతకన్నా తక్కువ. ల్యాబ్ పరికరం అంత చిన్న నమూనాలో మందును పట్టగలిగితే, స్పార్స్ డిజైన్ అవసరమే తగ్గిపోవచ్చు. ముందు ల్యాబ్‌వాళ్లను అడగండి.

4. సమయాలు ఎంచుకోండి

చేతికి వచ్చిన గుండ్రటి అంకెలు రాసేయడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు. తీసేది మూడే అయినప్పుడు ఒక్కో నమూనాకు ఒక్కో పని ఉండాలి.

ఒక చిన్న ఉదాహరణ. మందును రక్తనాళంలోకి ఒక్కసారిగా ఇంజెక్షన్ చేశారు. శరీరం ఒకే గదిలా ప్రవర్తిస్తుందనుకుందాం. తెలియనివి రెండు: మందు ఎంత జాగాలో పరుచుకుంది, ఎంత వేగంగా పోతోంది. రెండు తెలియని విలువలకు కనీసం రెండు వేరువేరు సమయాలు కావాలి. మొదటి నమూనా వీలైనంత త్వరగా తీయాలి. రెండోది ఎప్పుడు తీయాలన్నది ల్యాబ్ తప్పు ఎలా ఉంటుందన్న దానిమీద ఆధారపడుతుంది. గాఢత ఎంతైనా తప్పు ఒకే పరిమాణంలో ఉంటే, మొదటిదానికి 1.44 అర్ధాయువుల తర్వాత తీయడం మంచిది. అర్ధాయువు 6 గంటలైతే సుమారు 8 గంటల 40 నిమిషాలు. గాఢతలో ఇంత శాతం అన్నట్టు తప్పు ఉంటే, ల్యాబ్ కొలవగలిగినంత వరకు ఎంత ఆలస్యంగా తీస్తే అంత మంచిది. డీ–ఆప్టిమల్ డిజైన్ అనేది చేసే పని ఇదే. పాప్‌ఎడ్, పీఫిమ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇదే లెక్కను ఎక్కువ పారామీటర్లకు, ఎక్కువమందికి చేసిపెడతాయి.

కానీ దీంట్లో మెలిక ఉంది. ఏ సమయం మంచిదో తెలియాలంటే అర్ధాయువు ముందే తెలియాలి, అది తెలుసుకోవడానికేగా స్టడీ! పెద్దవాళ్ల డేటా నుంచి పసిబిడ్డల విలువలు ఊహిస్తాం, ఆ ఊహ రెట్టింపు తప్పినా తప్పొచ్చు. అందుకే సాఫ్ట్‌వేర్ 8.66 గంటలు అని చెప్పిందని అందరికీ 8.66 పెట్టొద్దు. కొందరిని అటూ, కొందరిని ఇటూ పరచండి. ఒకే సమయంలో అందరి దగ్గరా తీస్తే ఆ ఒక్క చోటే మనకు బాగా తెలుస్తుంది, ఊహ తప్పితే అదీ పనికిరాదు.

12 గంటలకోసారి నోటి ద్వారా ఇచ్చే మందుకు, అర్ధాయువు 6 గంటల ప్రాంతంలో ఉన్నప్పుడు, నేనైతే ఇలా మొదలుపెడతాను:

మొదటి గుంపు: డోసుకు ముందు, 1–2 గంటల మధ్య, 6–8 గంటల మధ్య.
రెండో గుంపు: 0.5–1 గంట మధ్య, 3–4 గంటల మధ్య, 8–10 గంటల మధ్య.
మూడో గుంపు: 1–2 గంటల మధ్య, 4–6 గంటల మధ్య, తర్వాతి డోసుకు కాస్త ముందు.

ఏ బిడ్డ ఏ గుంపో లాటరీ పద్ధతిలో తేలాలి. నర్సు సౌకర్యం చూసి పంచితే, జబ్బు ఎక్కువున్న పిల్లలంతా పగటి గుంపులోకి, కాస్త కోలుకున్నవాళ్లంతా మరో గుంపులోకి పోతారు. అప్పుడు 8 గంటలకు గాఢత తక్కువగా ఉందంటే అది మందు తీరా, ఆ పిల్లల తీరా అన్నది ఎవరూ చెప్పలేరు.

5. ఒక్క సూది గుచ్చకముందే కంప్యూటర్‌లో నడిపి చూడండి

పై విండోలు, అనుకున్న పిల్లల సంఖ్య, ఊహించిన విలువలు పెట్టి 500 లేదా 1000 బొమ్మ ట్రయల్స్ సృష్టించండి. ప్రతి ట్రయల్‌నూ అసలు డేటాకు చేయబోయే పద్ధతిలోనే విశ్లేషించండి. క్లియరెన్స్ (శరీరం మందును వదిలించుకునే వేగం) అంచనా సగటున నిజం చుట్టూనే ఉందా? ఎంత చెదిరింది?

బయోఈక్వివలెన్స్ కోసమైతే ఇంకొకటి తప్పనిసరి. రెండు మందుల అసలు నిష్పత్తి సరిగ్గా 1.25 అని పెట్టి నడపండి. అంటే అవి సమానం, సమానం కాదు అనే హద్దు గీత మీద ఉన్నాయి. వెయ్యిలో 50 సార్ల దగ్గరే మీ పద్ధతి వాటిని 'సమానం' అనాలి. 120 సార్లు అంటోందంటే లెక్కలో లోపం ఉన్నట్టు. ఊహించిన అర్ధాయువును సగం చేసి, రెట్టింపు చేసి ఇదంతా మళ్లీ నడపండి. విసుగు పుట్టించే పనే, రెండు మూడు వారాలు తినేస్తుంది. అయినా ట్రయల్ అయ్యాక పడే టెన్షన్‌తో పోలిస్తే ఇదేపాటి?

6. మంచం దగ్గర: గడియారం

అసలు స్టడీలు చెడిపోయేది ఇక్కడే.

ఒకసారి నా చేతికి వచ్చిన డేటాలో 'రక్తం తీసిన సమయం' వరుస చూశాను. 8:30, 9:00, 10:00, 12:00. మళ్లీ 8:30, 9:00, 10:00. ఎక్కడా ఒక్క 8:34 లేదు, ఒక్క 9:07 లేదు. వార్డులో ఆరుగురు పిల్లలు, ఇద్దరు నర్సులు. ఆరుగురికీ సరిగ్గా 8:30కి రక్తం తీయడం ఎవరి వల్లా కాదు. తీరా ఫారం తెప్పించి చూస్తే, అనుకున్న సమయాన్ని ముందే అచ్చు వేసి, పక్కన టిక్కు పెట్టమన్నారు. నర్సులు టిక్కు పెట్టారు. తప్పు వాళ్లది కాదు, ఫారం తయారుచేసినవాళ్లది.

ఆరు నిమిషాల తేడా ఎంత నష్టం చేస్తుందో చూడండి. శోషణ వేగం గంటకు 2, విసర్జన వేగం గంటకు 0.1 ఉన్న మందు తీసుకుందాం, అంటే అర్ధాయువు సుమారు 7 గంటలు. డోసు వేసిన 30 నిమిషాలకు తీయాల్సింది 36 నిమిషాలకు తీస్తే గాఢత దాదాపు 10% ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే మందు ఇంకా ఎక్కుతోంది. అదే ఆరు నిమిషాల ఆలస్యం 12 గంటల దగ్గర జరిగితే తేడా 1% మాత్రమే. కాబట్టి ఒత్తిడి మొత్తం మొదటి రెండు గంటల మీద పెట్టండి.

ఫారంలో సమయం గడి ఖాళీగా వదిలేయండి. వార్డులో ఒకే గడియారం చూసి రాయాలి. గోడ గడియారం, ఫోను, చేతి వాచీ మూడూ మూడు మాటలు చెబుతాయి. రక్తం ట్యూబులోకి రావడం మొదలైన నిమిషమే రాయాలి, ట్యూబు ట్రేలో పెట్టిన నిమిషం కాదు. విండో దాటిపోయినా సరే, తీసి, నిజమైన సమయం రాయమని నర్సులకు గట్టిగా చెప్పండి. పాపులేషన్ మోడల్‌కు 2 గంటల 50 నిమిషాల నమూనా కూడా పనికొస్తుంది. 2 గంటలు అని రాసిన 2:50 నమూనా మాత్రం హాని చేస్తుంది.

డోసు సమయం కూడా అంతే ముఖ్యం. ఇంట్లో మందు వేసుకునే రోగి అయితే చివరి రెండు డోసుల సమయం, తేదీతో సహా అడగాలి. 'రోజూ వేసుకుంటున్నాను' అన్న జవాబుతో ఊరుకోకండి. పసిబిడ్డ కక్కిందా, ఎంతసేపటికి కక్కింది అన్నది కూడా రాయాలి. మందు ఎక్కిస్తున్న లైన్ నుంచే రక్తం తీస్తే గాఢత ఆకాశాన్నంటుతుంది, అందుకే ఏ చేతికి మందు, ఏ చేతి నుంచి రక్తం అన్న గడి కూడా ఫారంలో ఉండాలి.

7. ల్యాబ్ దాకా

ఇది ఏ స్టడీకైనా ఒకటే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మెథడ్ వ్యాలిడేషన్‌లో (కొలత పద్ధతి సరిగ్గా పనిచేస్తుందని రుజువు చేసే పరీక్షల్లో) ఏ ట్యూబు వాడారో అదే వాడండి, జెల్ ఉన్న ట్యూబులు కొన్ని మందులను పీల్చుకుంటాయి. ఎంతసేపట్లో సెంట్రిఫ్యూజ్ చేయాలో, ఏ చలిలో దాచాలో కాగితం మీద ఉండాలి. కొలత పద్ధతి 2022లో వచ్చిన ఐసీహెచ్ ఎం10 ప్రకారం వ్యాలిడేట్ అయి ఉండాలి. స్పార్స్ స్టడీకి ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒక్కటే: 0.5 మి.లీ. రక్తం నుంచి వచ్చే కొంచెం ప్లాస్మాలో, మొదటిసారి కొలత చెడిపోతే రెండోసారి కొలవడానికి మిగులుతుందా?

8. ఏయూసీ లెక్క: బైలర్ పద్ధతి, అంకెలతో

ఒక్కో జంతువు నుంచి ఒక్క నమూనా ఉన్నప్పుడు ఒక్కొక్కరికి ఏయూసీ ఉండదు, గుంపుకే ఉంటుంది. మరి దానికి స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత, ఎలా? 1988లో గణాంక శాస్త్రవేత్త బైలర్ ఇచ్చిన జవాబు చాలా సూటిగా ఉంటుంది. ట్రెపిజాయిడ్ పద్ధతిలో (గీత కింది జాగాను ముక్కలుగా కోసి కూడే పద్ధతి) ఏయూసీ అంటే, ప్రతి సమయంలోని సగటు గాఢతను ఒక బరువుతో గుణించి కూడటమే. బరువు అంటే ముందున్న సమయానికీ, తర్వాతి సమయానికీ ఉన్న దూరంలో సగం. చివరి పాయింటుకు మాత్రం దానికీ దాని ముందుదానికీ ఉన్న దూరంలో సగం. సగటుల కూడిక కాబట్టి, వేరియన్స్‌లు (విలువలు ఎంత చెదిరాయో చెప్పే అంకెలు) కూడా కూడుకోవచ్చు.

18 చిట్టెలుకలు, 6 సమయాలు, ఒక్కో సమయానికి 3 అనుకుందాం. అంకెలు నేను కల్పించినవి. గాఢత మి.లీ.కి నానోగ్రాముల్లో, సగటు తర్వాత స్టాండర్డ్ డీవియేషన్ (వేరియన్స్ వర్గమూలం), ఆ తర్వాత బరువు:

0.5 గంట: 120, 30, బరువు 0.5
1 గంట: 200, 40, బరువు 0.75
2 గంటలు: 160, 32, బరువు 1.5
4 గంటలు: 90, 18, బరువు 3
8 గంటలు: 30, 9, బరువు 4
12 గంటలు: 10, 4, బరువు 2

సగటును బరువుతో గుణించి కూడితే 60 + 150 + 240 + 270 + 120 + 20 = 860. ఇదే 12 గంటల వరకు ఏయూసీ. ఇప్పుడు ప్రతి సమయానికీ బరువు వర్గాన్ని స్టాండర్డ్ డీవియేషన్ వర్గంతో గుణించి, 3తో భాగించండి: 75, 300, 768, 972, 432, 21. మొత్తం 2568. వర్గమూలం 50.7, అదే స్టాండర్డ్ ఎర్రర్.

మూడేసి జంతువులతో లెక్కించిన డీవియేషన్లు నమ్మదగినంత గట్టివి కావు కాబట్టి 90% ఇంటర్వల్‌కు పెద్ద గుంపుల్లో వాడే 1.645 వాడి ఊరుకోకూడదు. సాటర్త్‌వైట్ సవరణ చేస్తే ఇక్కడ స్వేచ్ఛా డిగ్రీలు (చెదురు అంచనా వెనక ఎంత స్వతంత్ర సమాచారం ఉందో చెప్పే అంకె) సుమారు 7 వస్తాయి, దానికి టీ విలువ 1.89. కాబట్టి 90% ఇంటర్వల్ 764 నుంచి 956.

చివరి రెండు పాయింట్ల వాలు చూస్తే 12 గంటల తర్వాత మిగిలిన తోక సుమారు 36. అంటే మొత్తంలో 4%. మనం కొలిచిన భాగం అనంతం దాకా ఉన్న ఏయూసీలో కనీసం 80% ఉండాలన్న నియమానికి ఢోకా లేదు.

ఇప్పుడు ఆ వేరియన్స్ ముక్కలను మళ్లీ చూడండి. 2, 4 గంటలు రెండే కలిపి మొత్తంలో మూడింట రెండు వంతులు. 0.5, 12 గంటల దగ్గర పెట్టిన జంతువులు దాదాపు వృథా. ఒక్కో సమయానికి కనీసం 2 ఉండేలా చూసుకుని, బరువు, డీవియేషన్ లబ్ధానికి తగ్గట్టు జంతువులను మళ్లీ పంచితే 2, 3, 4, 4, 3, 2 అవుతుంది. మొత్తం అవే 18. స్టాండర్డ్ ఎర్రర్ 50.7 నుంచి 46.7కు దిగింది. ఒక్క జంతువు కూడా అదనంగా వాడలేదు. పైలట్ స్టడీ డేటా చేతిలో ఉండి కూడా అన్ని సమయాలకూ సమానంగా పంచడం నాకు ఎప్పుడూ అర్థం కాని అలవాటు.

బ్యాచ్ డిజైన్ అయితే ఒక పదం అదనంగా వస్తుంది: ఒకే జంతువు ఇచ్చిన రెండు సమయాల కోవేరియన్స్ (రెండు విలువలూ కలిసి ఎంత కదులుతాయో చెప్పే అంకె). మందును నెమ్మదిగా వదిలించుకునే జంతువుకు 2 గంటలకూ ఎక్కువే, 12 గంటలకూ ఎక్కువే ఉంటుంది. ఆ బంధాన్ని వదిలేస్తే ఇంటర్వల్ ఉండాల్సినదానికన్నా ఇరుకుగా వస్తుంది.

9. రెండు మందులను పోల్చడం

టెస్ట్, రిఫరెన్స్ రెండిటికీ పై లాంటి స్టడీనే, వేరువేరు జంతువులతో చేశారనుకోండి. రెండిటికీ స్టాండర్డ్ ఎర్రర్ ఏయూసీలో 5.9%. లాగ్ నిష్పత్తికి అది సుమారు 8.3% అవుతుంది. రెండూ సరిగ్గా సమానంగా వచ్చినా 90% ఇంటర్వల్ 86 నుంచి 116%. పాసైనట్టే. నిష్పత్తి 0.93 వస్తే కింది అంచు 80.3, అంచు మీద నడక. 0.90 వస్తే 78, ఫెయిల్. ఒక్కో మందుకు 18 జంతువులతో ఎంత తేడా తట్టుకోగలమో దీంతో తెలుస్తుంది.

ఇక్కడ నిష్పత్తి అంకగణిత సగటులది, మామూలు క్రాసోవర్ స్టడీలోలా (ఒకే మనిషి రెండు మందులూ వేసుకునేది) జామెట్రిక్ సగటులది (లాగ్‌ల సగటు నుంచి వచ్చేది) కాదు. లాగ్ నిష్పత్తి బదులు ఫీలర్ పద్ధతిలో (నిష్పత్తికి నేరుగా పరిధి లెక్కించే సూత్రం) ఇంటర్వల్ వేయొచ్చు, లేదా బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ ఎంచి లెక్కించడం) చేయొచ్చు. కంటి ద్రవం స్టడీలకు ఎఫ్‌డీఏ బూట్‌స్ట్రాప్ దారి చూపించింది. చేసేటప్పుడు ఒక్కో సమయంలోని రోగులలోంచే మళ్లీ మళ్లీ ఎంచుకోవాలి. అందరినీ ఒకే సంచిలో వేసి తీస్తే కొన్ని సమయాలకు ఎవరూ మిగలరు.

10. పాపులేషన్ మోడల్‌తో అయితే

పిల్లల డేటా, విండోల డేటా వచ్చేది ఈ దారికే. మోడల్ కట్టే విధానమంతా ఇక్కడ చెప్పలేను కానీ స్పార్స్ డేటాలో కాలు జారే చోట్లు మూడున్నాయి.

మొదటిది, కొలత పరిమితి కన్నా తక్కువ వచ్చిన నమూనాలు. వాటిని తీసేస్తే ఆఖరి గంటల్లో గాఢత ఎక్కువున్నవాళ్లే మిగులుతారు. తోక చదునుగా, అర్ధాయువు పొడవుగా కనిపిస్తుంది. బీల్ 2001లో ఎం3 అని పేరు పెట్టిన పద్ధతి ఆ నమూనాను పారేయకుండా, 'ఇంతకన్నా తక్కువ ఉంది' అన్న సమాచారంగానే మోడల్‌కు ఇస్తుంది. అది వాడండి. దానికోసం ల్యాబ్ రిపోర్టులో ఆ నమూనాలకు సున్నా రాయకుండా, పరిమితి కన్నా తక్కువ అని రాయించాలి.

రెండోది ష్రింకేజ్. బిడ్డ నుంచి రెండే నమూనాలు ఉంటే మోడల్‌కు ఆ బిడ్డ గురించి తెలిసింది తక్కువ. అప్పుడు ఆ బిడ్డ క్లియరెన్స్‌ను అందరి సగటు వైపు లాగేస్తుంది. ష్రింకేజ్ 20–30% దాటితే వ్యక్తిగత అంచనాలను నమ్మకూడదు. ఇలా వచ్చిన వ్యక్తిగత ఏయూసీలను కొలిచిన విలువల్లా తీసుకుని మామూలు బయోఈక్వివలెన్స్ పరీక్షలో పెట్టడం నేను చాలాచోట్ల చూసిన తప్పు. అందరూ ఒకేలా కనిపిస్తారు, ఇంటర్వల్ ఇరుకవుతుంది, సమానం కాని మందు పాసైపోతుంది. దానికి బదులు, ఫార్ములేషన్ (టెస్టా, రిఫరెన్సా అన్న తేడా) ప్రభావాన్ని మోడల్‌లోనే బయోఎవెయిలబిలిటీ (రక్తంలోకి చేరిన మందు వాటా) మీద ఒక పారామీటర్‌గా పెట్టి, దాని 90% ఇంటర్వల్ 0.80–1.25 లోపల ఉందా చూడాలి. అయిదో అడుగులోని సిమ్యులేషన్‌లో కూడా ఇదే పద్ధతి వాడి ఉండాలి.

మూడోది శోషణ వేగం. ఎక్కే దశలో నమూనాలు తక్కువ ఉంటే మోడల్ దాన్ని అంచనా వేయలేక ఎక్కడికో పోతుంది. పెద్దవాళ్ల పూర్తి డేటా ఉంటే దానితో కలిపి విశ్లేషించండి. లేకపోతే శోషణ వేగాన్ని ఒక విలువకు బిగించి, ఆ విలువను సగం, రెట్టింపు చేసినప్పుడు క్లియరెన్స్ ఎంత కదిలిందో చూపించండి. ఈ పరిస్థితిలో మోడల్ నుంచి సీమ్యాక్స్ చెప్పాల్సి వస్తే, అది కొలిచింది కాదు, మోడల్ అంచనా అని పట్టిక శీర్షికలోనే రాయండి.

11. రిపోర్టులో పెట్టాల్సినవి

పాపులేషన్ విశ్లేషణపై ఎఫ్‌డీఏ 1999లో మొదట, 2022లో సవరించి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో ఉన్నవి ఎలాగూ పెడతారు. అవి కాక నేను మూడు చూస్తాను. అనుకున్న సమయం, అసలు సమయం పక్కపక్కనే ఉన్న పట్టిక. ఏ నమూనాను ఎందుకు వదిలేశారో, ఆ నిర్ణయం గాఢత చూడకముందు జరిగిందా తర్వాతా అన్న వివరం. ఒక్కో బిడ్డ నుంచి నిజంగా పోయిన రక్తం, మి.లీ.ల్లో, బడ్జెట్ పక్కన. మొదటి పట్టికలో నిమిషాలన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తుంటే, మిగతా రిపోర్టు చదివేముందు నేను వార్డు ఫారం తెప్పించుకుంటాను.